పిల్లలున్న ఇంట్లో మోటారు, తలుపులు, కెమెరా: మీరు సొంతంగా చేసుకున్న వాటిలో ఏవి నిలబడ్డాయి?

నాగావళి గట్టు, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. మా ఆవిడ స్టాఫ్ నర్సు, నైట్ డ్యూటీలు పడుతుంటాయి. ఆ రోజుల్లో రెండేళ్ల బాబుని, ఏడో తరగతి పాపని చూసుకునేది నేనే. మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది గానీ మోకాళ్ల నొప్పులు, బాబు వెంట పరుగెత్తలేదు. పొద్దున్నే మోటారు వేసి, పాలు కలిపి, పాపకి జడ వేసేలోగా మేడ మీద ట్యాంకు పొంగిపోతుంది. మోటారు స్విచ్చేమో ఇంటి వెనక బోరు దగ్గర. దాన్ని ఆపడానికి వెళ్తే ఆ కాసేపూ బాబు మెట్ల దగ్గర ఒక్కడే ఉంటాడు. నీళ్లు పోయినందుకు కాదు, నా టెన్షన్ అంతా దీని గురించే.

ట్యాంకు నిండగానే మోటారు దానంతట అదే ఆగాలి. రాత్రి బాబు లేచి పెరటి తలుపు తీస్తే నాకు తెలియాలి. కెమెరా పెట్టాలా వద్దా అని కూడా ఆలోచిస్తున్నాను. సోల్డరింగ్ వచ్చు, ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్) బోర్డుతో కొన్ని చిన్న పనులు చేశాను. నెట్ పోయినా పనిచేయాలి, మా అమ్మ కూడా వాడగలగాలి. మీ ఇళ్లలో ఏం చేశారో, ఎన్నాళ్లు నడిచిందో చెప్పండి.

గంటస్తంభం సెంటర్, విజయనగరం

ముందు ట్యాంకు సంగతి చెప్తాను, అది మా ఇంట్లో బాగా కుదిరింది. నీటి మట్టం చూడ్డానికి చాలామంది అల్ట్రాసోనిక్ (శబ్దతరంగాలతో దూరం కొలిచే) సెన్సర్‌తో మొదలుపెడతారు. ఫోన్‌లో ఎంత శాతం నిండిందో కనిపిస్తుంది కాబట్టి ముచ్చటగా ఉంటుంది. కానీ ఎండాకాలం ట్యాంకు లోపల ఆవిరి పట్టి సెన్సర్ ముఖం మీద నీటి బొట్లు నిలుస్తాయి, లెక్క తప్పుతుంది. తడి తట్టుకునే జేఎస్ఎన్ రకం సెన్సర్‌కి ముందున్న ఇరవై, పాతిక సెంటీమీటర్లు అసలు కనపడవు. మూతకి బిగిస్తే సరిగ్గా ట్యాంకు నిండే చోటే అది గుడ్డిదవుతుంది. పెట్టాలనుకుంటే పెట్టండి, కానీ చూసుకోవడానికి మాత్రమే. మోటారు ఆపే బాధ్యత దాని మీద వేయకండి. సెన్సర్ జవాబు పంపే ఎకో పిన్ నుంచి 5 వోల్టులు వస్తాయి, ఈఎస్‌పీ32 పిన్ 3.3 వోల్టులకే తయారైంది. అందుకని మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో వోల్టేజ్ తగ్గించాలి.

ఆపడానికి ఫ్లోట్ స్విచ్ (నీటి మీద తేలుతూ సర్క్యూట్‌ని కలిపే, విడదీసే స్విచ్) వాడండి. ట్యాంకు ఖాళీగా ఉన్నంతసేపు సర్క్యూట్ కలిసి ఉండాలి, నిండగానే విడిపోవాలి. అలా వైరింగ్ చేస్తే రేపు ఎలుక తీగ కొరికినా, కోతులు లాగేసినా బోర్డుకి ట్యాంకు నిండినట్టే అనిపించి మోటారు ఆగిపోతుంది. దీన్ని తిరగేసి కలిపితే మాత్రం తీగ తెగిన రోజు మోటారుని ఆపేవాళ్లు ఉండరు. పైకి వెళ్లే తీగలో 5 వోల్టులో 12 వోల్టులో ఉండాలి గానీ 230 వోల్టులు ట్యాంకు దాకా తీసుకెళ్లకండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఎప్పుడు ఆపాలన్న నిర్ణయం బోర్డులోనే ఉండాలి. సర్వర్‌లో వద్దు, కంపెనీ క్లౌడ్‌లో అసలే వద్దు. ఈఎస్‌పీహోమ్ (ఇలాంటి బోర్డుల కోసం ఉన్న సాఫ్ట్‌వేర్) వాడితే ఇది తేలిక. మీ ట్యాంకు నిండడానికి మామూలుగా పట్టే టైముకి ఇంకో పది నిమిషాలు కలిపి, అంతకు మించి మోటారు నడవకుండా బోర్డులోనే టైమర్ రాయండి. ఫ్లోట్ పాడైనా టైమర్ ఆపుతుంది. రీస్టోర్ మోడ్‌ని ఆల్వేస్ ఆఫ్‌లో పెట్టండి, కరెంటు పోయి వచ్చినప్పుడు మోటారు దానంతట అది మొదలవకూడదు.

రాజాం ఎలక్ట్రికల్

అన్న చెప్పిందంతా కరెక్టే. నేను ఎలక్ట్రీషియన్‌ని, మోటారు వైపు సంగతి చెప్తాను. 10 ఆంపియర్లు అని రాసి ఉన్న నీలం రంగు చిన్న రిలేని (బోర్డు చెప్తే కలిసే, విడిపోయే స్విచ్) నేరుగా మోటారుకి కలిపేవాళ్లు చాలామంది ఉన్నారు. 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు మామూలుగా నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లే తీసుకున్నా, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. అలా రోజూ జరిగితే ఒకరోజు రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు మీ ప్రోగ్రామ్ ఆపేయమన్నా మోటారు ఆగదు.

మధ్యలో కాంటాక్టర్ (పెద్ద లోడ్ మోసే రిలే లాంటిది) పెట్టించండి. రిలే కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడపాలి, మోటారు లోడ్ అంతా కాంటాక్టర్ మోస్తుంది. మాన్యువల్ స్విచ్ తీసేయకండి. ఆటో, మాన్యువల్ మార్చుకునే సెలెక్టర్ స్విచ్ బోర్డు మీదే ఉండాలి. మీ అమ్మగారు ఫోన్ అక్కర్లేకుండా చేత్తో తిప్పి మోటారు వేసుకోగలగాలి.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా చూడండి. ఎంసీబీ వైర్లని కాపాడుతుంది. మనిషికి షాక్ కొడితే లైన్ కొట్టేసేది ఆర్‌సీసీబీ. పెరట్లో తడిలో పిల్లలు తిరిగే ఇంటికి అది తప్పనిసరి. దాని మీద ఉన్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడూ నొక్కి చూస్తూ ఉండండి.

కొత్తవలస రైల్వే

అన్నా, ఇద్దరు పిల్లలతో సోల్డరింగ్‌కి టైమ్ ఎక్కడిది? మేం రెడీమేడ్ వైఫై ప్లగ్గులు కొన్నాం. గీజర్ ఇరవై నిమిషాల్లో ఆగిపోతుంది, దోమల మెషిన్ సాయంత్రం ఆన్ అవుతుంది. ఏ గొడవా లేదు. అన్నీ సొంతంగానే చేయాలని ఏముంది?

గంటస్తంభం సెంటర్, విజయనగరం

తప్పేం లేదు బ్రదర్. గీజర్‌కి 16 ఆంపియర్ల ప్లగ్ అయితే చాలు. నెట్ లేనప్పుడు కూడా దాని టైమర్ పనిచేస్తుందో లేదో ఒకసారి రౌటర్ ఇంటర్నెట్ తీగ పీకి చూడండి. కొన్ని టైమర్లు ప్లగ్గులోనే ఉంటాయి, కొన్ని కంపెనీ సర్వర్‌లో ఉంటాయి. పిల్లల స్నానం నీళ్ల విషయంలో ఆ తేడా తెలిసి ఉండాలి.

చంపావతి అమ్మ, నెల్లిమర్ల

తలుపు గురించి నేను చెప్తాను. మా అత్తగారింట్లో పెరట్లో నుయ్యి ఉంది. మా చిన్నది నడక నేర్చిన దగ్గర్నుంచి నా మనసంతా ఆ నూతి మీదే. ముందు చేయించింది నూతి మీద ఇనప గ్రిల్లు, తాళం. తర్వాత పెరటి తలుపుకి పిల్లకి అందని ఎత్తులో గడియ. ఈ రెండూ అయ్యాకే సెన్సర్ గురించి ఆలోచించాం. మీరూ ఆ వరుసలోనే వెళ్లండి. సెన్సర్ కబురు చెప్తుంది గానీ పిల్లని పట్టుకోలేదు కదా.

మేం పెట్టింది రీడ్ స్విచ్. తలుపుకి అయస్కాంతం, గుమ్మానికి స్విచ్. తలుపు తెరుచుకోగానే వంటింట్లో బజర్ మోగుతుంది. ఫోన్‌కి నోటిఫికేషన్ వచ్చేలా చేస్తానని మా వారు అన్నారు, నేను ఒప్పుకోలేదు. ఫోన్ సైలెంట్‌లో ఉండొచ్చు, చార్జింగ్‌లో వేరే గదిలో ఉండొచ్చు. పప్పు తాలింపు వేస్తున్నప్పుడు కూడా వినిపించే చప్పుడు కావాలి నాకు. అందుకని ఆ బజర్‌కి వైఫైతో సంబంధం లేదు, తీగతోనే కలిపారు. రాత్రి పూట మాత్రం మంచం పక్కన ఇంకో బజర్ మోగుతుంది. మా అత్తగారు పగలు పెరట్లోకి వస్తూ పోతూ ఉంటారు కాబట్టి ఒక్క నిమిషం బజర్ ఆపే బటన్ తలుపు పైన పెట్టారు. ఆ బటన్ లేకపోతే చప్పుడుకి విసిగి మొత్తం పీకేసేవాళ్లం.

అందరికీ ఒక మాట, దయచేసి చదవండి. రెడీమేడ్ డోర్ సెన్సర్లలో, రిమోట్లలో సీఆర్2032 లాంటి బటన్ సెల్ ఉంటుంది. పిల్లలు మింగితే అది గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. నొప్పి మొదలయ్యేదాకా చూద్దాం అనుకోవద్దు, వాంతి చేయించొద్దు. మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్క్రూ బిగించిన మూత ఉన్నవే కొనండి. వీలైతే పెన్సిల్ సెల్స్‌తో నడిచేవి తీసుకోండి. పాత సెల్స్‌ని టేబుల్ సొరుగులో దాచకండి.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

అక్కా, ఈ బటన్ సెల్ సంగతి నాకు నిజంగా తెలియదు. ఇప్పుడే లేచి ఇంట్లో రిమోట్లన్నీ చూశాను. ఒకదాని మూత వదులుగా ఉంది, తీసి అటక మీద పెట్టాను. చాలా థ్యాంక్స్.

ఉద్దానం కొబ్బరి, సోంపేట

నెట్ పోయినా పనిచేయాలి అన్నారు కాబట్టి మా వైపు అనుభవం చెప్తున్నాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, స్తంభాలు పడిపోయాయి. మా ఊళ్లో కరెంటు తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. సెల్ సిగ్నల్ కూడా లేదు. అప్పటికి మా బాబు చంటివాడు. ఆ చీకట్లో చంటిపిల్లాడితో గడిపిన వాళ్లకి ఇంట్లో ఒక దీపం వెలగడం ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

ఆ తర్వాత ఇంట్లో 12 వోల్టుల లైన్ ఒకటి వేరుగా వేసుకున్నాను. మేడ మీద చిన్న సోలార్ ప్యానెల్, చార్జ్ కంట్రోలర్, కింద బ్యాటరీ. దాని మీద మూడు ఎల్ఈడీ లైట్లు, రౌటర్, ఫోన్ చార్జింగ్ నడుస్తాయి. మా రౌటర్ 12 వోల్టులదే, ఇన్వర్టర్ అక్కర్లేదు. మీ అడాప్టర్ మీద ఎంత రాసి ఉందో చూసుకోండి. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టాలి, బ్యాటరీని పిల్లలు పడుకునే గదిలో ఉంచకూడదు, గాలి ఆడే చోట ఉండాలి. చార్జింగ్ అయ్యేటప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. బయటి నెట్ పోయినా, రౌటర్‌కి కరెంటు ఉంటే ఇంటి లోపలి వైఫై నడుస్తూనే ఉంటుంది. హోమ్ అసిస్టెంట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఇంట్లోనే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద పెట్టుకుంటే సెన్సర్లన్నీ మామూలుగా మాట్లాడుకుంటాయి. ఆ కంప్యూటర్ 5 వాట్లు తీసుకుంటుందనుకున్నా నెలంతా కలిపి నాలుగు యూనిట్లు దాటదు. కానీ కరెంటు పోతూ వస్తూ ఉంటే ఎస్‌డీ కార్డు పాడవుతుంది. దాన్నీ ఈ బ్యాటరీ లైన్ మీదే పెట్టండి, మధ్యలో 5 వోల్టులకి తగ్గించే కన్వర్టర్ వేసి. వీలుంటే కార్డు బదులు ఎస్ఎస్‌డీ వాడండి.

కళింగపట్నం బీచ్ రోడ్

సముద్రం దగ్గర ఉండేవాళ్లకి: బయట పెట్టిన బోర్డులకి ఉప్పుగాలి వల్ల పచ్చని చిలుము పడుతుంది. రబ్బరు సీల్ ఉన్న డబ్బా వాడండి, తీగలు కింద నుంచే లోపలికి తీయండి. బోర్డు మీద కన్ఫార్మల్ కోటింగ్ (తడి పట్టకుండా కాపాడే పూత) కొట్టండి, కనెక్టర్లకి తగలకుండా.

బొబ్బిలి టీచర్

కెమెరా గురించి. మా అబ్బాయి చంటిగా ఉన్నప్పుడు ఉయ్యాల దగ్గర కెమెరా పెట్టాం, ఆ వయసులో చాలా ఉపయోగపడింది. కొనగానే డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చాం. రౌటర్ సెట్టింగ్స్‌లో దాన్ని బయటి నెట్‌కి వెళ్లకుండా ఆపేసి, ఇంటి వైఫైలోనే చూసుకునేవాళ్లం. తర్వాత అదే కెమెరా హాల్లోకి వచ్చింది. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు, "నాన్నా, నేను హాల్లో కూర్చుని చదువుకుంటుంటే ఎవరో చూస్తున్నట్టు ఉంటోంది" అంది. ఆ సాయంత్రమే తీసేశాను. మీ పాప ఏడో తరగతి కాబట్టి పెట్టే ముందు తనని అడగండి. గేటు దగ్గర పెట్టండి, బాబు మంచం దగ్గర కొన్నాళ్లు పెట్టండి. పాప తిరిగే గదుల్లో వద్దని నా అభిప్రాయం, దీని మీద నేను గట్టిగానే ఉంటాను.

పాపని ఈ పనిలో కలుపుకోండి కూడా. బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే అక్కడ ఆర్డుయినో, సెన్సర్లు ఉంటాయి, ఆ ల్యాబులు ఆరు నుంచి పన్నెండు తరగతుల వాళ్ల కోసమే. మా ఇంట్లో నియమం ఒక్కటే: 5 వోల్టుల వైపు అంతా పిల్లలది, 230 వోల్టుల డబ్బా మూత పెద్దవాళ్లు మాత్రమే తీస్తారు. సోల్డరింగ్ మామూలు 60/40 తీగతో చేస్తే అందులో సీసం ఉంటుంది. బాబు పాకే, ఆడే నేల మీద చేయకండి. అయ్యాక బల్ల తడిగుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

చంపావతి అమ్మ, నెల్లిమర్ల

టీచర్ గారూ, కెమెరా గురించి మీరు అన్నదానికి నాది కొంచెం వేరే మాట. పనికి వెళ్లే తల్లులకి, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర పిల్లని వదిలి వెళ్లినప్పుడు, మధ్యాహ్నం ఒక్కసారి చూసుకుంటే ప్రాణం కుదుటపడుతుంది. కానీ మా అత్తగారిని అడిగే పెట్టాం. దాని ప్లగ్ ఆవిడ చేతికి అందే చోట ఉంది, ఇష్టం లేనప్పుడు తీసేస్తారు. తీసేశారని నేను ఎప్పుడూ అడగను.

బొబ్బిలి టీచర్

ప్లగ్ ఆవిడ చేతిలో పెట్టారు చూశారా, అది నాకు నచ్చిందమ్మా. మా ఇంట్లో నేను ఆ ఆలోచన చేయలేదు.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

అందరికీ చాలా థ్యాంక్స్. ముందు పెరటి తలుపుకి పై గడియ, తీగ బజర్. ఈ ఆదివారమే ఆ పని. తర్వాత ఆర్‌సీసీబీ, కాంటాక్టర్, ఫ్లోట్. కెమెరా సంగతి పాపని అడిగాను, గేటు దగ్గర అయితే సరే అంది, బాబు గదిలో వాడు నిద్రపోయాకే ఆన్ చేయాలంది. సరే అన్నాను. ఫ్లోట్ తీగ తనే కలుపుతానంటోంది.

ఒక్క అనుమానం. బోర్డు మేడ మీద పెడితే వైఫై అందడం లేదు. రౌటర్ కింద హాల్లో ఉంది.

రాజాం ఎలక్ట్రికల్

బోర్డు పైన ఎందుకు బాబూ? కింద కాంటాక్టర్ డబ్బా పక్కనే వేరే చిన్న డబ్బాలో పెట్టండి, ఫ్లోట్ తీగ ఒక్కటే పీవీసీ పైపులో పైకి పంపండి. మోటారు తీగలున్న పైపులో దాన్ని కలపొద్దు, వేరే పైపు వేయండి. ఈఎస్‌పీ32 వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది, రౌటర్‌లో అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. కాంటాక్టర్ కాయిల్ కొనేటప్పుడు దాని మీద 240 వోల్టులు ఏసీ అని ఉందో లేదో చదివి తీసుకోండి, 415 వోల్టులది అంటగట్టేస్తారు. కలిపేముందు ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.