మరుగుదొడ్ల లెక్కకు ఆధారం ఏది: పోర్టల్ నమోదా, ఇంటింటి సర్వేనా?

చర్చ ప్రారంభించినవారు:
సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ఆరవది తాగునీరు, పారిశుద్ధ్యం. మరుగుదొడ్లు కట్టించే స్వచ్ఛ భారత్ పథకం పోర్టల్‌లో నూరు శాతం నమోదు కావడంతో, గ్రామీణ భారతంలో బహిరంగ మలవిసర్జన లేదని 2019 అక్టోబర్ 2న ప్రకటించారు. 2019-21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం గ్రామాల్లో 26 శాతం కుటుంబాలు ఏ మరుగుదొడ్డీ వాడడం లేదని తేల్చింది. ప్రగతిని కొలవడానికి సర్వేనే ప్రమాణం కావాలని నా అభిప్రాయం.

మండల కార్యాలయ ఉద్యోగి:
మీతో ఏకీభవించలేను. పోర్టల్‌లో లబ్ధిదారు పేరు, కట్టిన మరుగుదొడ్డి ఫోటో ఉంటాయి. సర్వేలకూ లోపాలున్నాయి. 2018లో జరిగిన 76వ జాతీయ నమూనా సర్వేలో ముందు ప్రభుత్వ పథకాల లబ్ధి గురించి అడిగి, ఆ తర్వాత మరుగుదొడ్డి ఉందా అని అడిగారు. అలా అడిగితే, సాయం అందుతుందన్న ఆశతో ఉన్నదాన్ని లేదని చెప్పేవారు ఉండరా? ఆ నివేదికే ఈ అనుమానాన్ని ప్రస్తావించింది. పైగా ఏ వీధిలో ఎవరికి లేదో నమూనా సర్వే చెప్పలేదు, నాకు రోజూ కావలసింది అదే.

చర్చ ప్రారంభించినవారు:
ప్రశ్నల వరుస గురించి మీరన్నది నిజమే, కానీ ఆ లోపం నివేదికలోనే రాసి ఉంది కాబట్టి మనం దాన్ని లెక్కలోకి తీసుకోగలుగుతున్నాం. పోర్టల్‌లోని నూరు శాతం దేనిలో నూరు శాతమో చూడండి. 2012 నాటి ప్రాథమిక సర్వే జాబితాలోని ఇళ్లను బట్టి లెక్క కట్టారు, ఆ తర్వాత వేరు కాపురం పెట్టినవారు, జాబితాలో మొదటినుంచీ లేనివారు ఆ శాతంలోకి రాలేదు, వారిని విడిగా చేర్చవలసి వచ్చింది. అంతకన్నా ముఖ్యమైన విషయం, కట్టడం వేరు, వాడడం వేరు. నీళ్లు లేక గడ్డి, కట్టెలు దాచుకుంటున్న గది కూడా ఫోటోలో మరుగుదొడ్డే. పథకాన్ని అమలు చేసినవారే దాని ఫలితాన్నీ లెక్కించడం నాకు సమ్మతం కాదు.

తెలంగాణ పరిశోధక విద్యార్థి:
సర్వేను వాడేవారికి ఒక హెచ్చరిక. 2016లో మన 10 జిల్లాలు 31 అయ్యాయి. నాలుగవ కుటుంబ ఆరోగ్య సర్వే పాత జిల్లాలకు, ఐదవది కొత్త జిల్లాలకు అంకెలు ఇచ్చాయి, ఒకే పేరున్న జిల్లా అని రెండింటినీ పక్కపక్కన పెడితే తప్పుతాం. ఐదవ సర్వే గ్రామాల ఎంపికకూ 2011 జనగణనే ఆధారం, అంటే దానిదీ పాత జాబితానే.

మండల కార్యాలయ ఉద్యోగి:
2012 జాబితా పాతదన్న మాట ఒప్పుకుంటున్నాను, వేరు పడిన కుటుంబాల అర్జీలు నేనే తీసుకున్నాను. రాష్ట్రాల ప్రగతిని సర్వేతోనే కొలవండి. గ్రామంలో పని చేయడానికి మాత్రం పేర్లున్న జాబితా తప్పదు, దాన్ని ఏటా గ్రామసభలో చదివి సరిచేయాలి.