ఎల్బ్రస్‌పై ఒంటరి స్కీయింగ్: శాలువా కప్పాలా, వద్దా?

నిజాంపేట నడక: మన బృంద సభ్యుడొకరు మే నెలలో రష్యాలోని 5,642 మీటర్ల ఎల్బ్రస్‌ను తోడు లేకుండా స్కీలపై ఎక్కి, స్కీలపైనే దిగివచ్చారు. భువనగిరి కోట శిక్షణ శిబిరంలో ఆయనను సన్మానించాలన్న ప్రతిపాదనపై అభిప్రాయాలు తెలపగలరు.

మౌలాలి గుట్ట: నేను వ్యతిరేకిస్తున్నాను. వసంతంలో మంచు రాత్రికి గడ్డకట్టి, పొద్దెక్కాక పైపొర కాస్త మెత్తబడుతుంది. స్కీలకు అనువైనది ఆ కొద్ది సమయమే. అంతకుముందు అది రాయిలా ఉంటుంది, ఆలస్యమైతే నీరుపట్టి నిటారు వాలుల్లో విరిగి జారుతుంది. ఎల్బ్రస్ పైభాగంలోని పస్తుఖోవ్ బండలు దాటాక గాలి మంచును ఊడ్చేసి ఐసును బయటపెడుతుంది, మబ్బు కమ్మితే దారి తప్పి హిమానీనదపు పగుళ్లవైపు వెళ్లే ప్రమాదం ఉంది. మంచులో కూరుకుపోయినవారిని పావుగంటలోపు తవ్వి తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ. పక్కన ఎవరూ లేనప్పుడు ఛాతీకి కట్టుకున్న బీకన్, అంటే కూరుకుపోయిన చోటును తెలిపే సంకేత పరికరం, ఎవరిని పిలుస్తుంది?

కోకాపేట రాయి: కొండ దిగువనున్న అజావు నుంచి పైనున్న గరబాషి స్టేషన్ వరకు రోప్‌వేలో వెళ్లారా, నడిచారా?

భువనగిరి తాడు: రోప్‌వేలోనే వెళ్లారు. అయితే డబ్బు కడితే ఇంకా పైకి మోసుకెళ్లే రాట్రాక్ బండి ఎక్కకుండా, స్కీల అడుగున వెనక్కి జారనివ్వని పట్టీలు (స్కిన్లు) అంటించుకొని దాదాపు 1,800 మీటర్ల ఎత్తు సొంత కాళ్లతో ఎక్కారు. తొలి ప్రయత్నంలో రెండు శిఖరాల నడుమనున్న మెడ దగ్గర మబ్బు పట్టగానే వెనుదిరిగారు. జెండా పట్టుకొని ఫొటో దిగినవారికల్లా శాలువాలు కప్పిన మనం, ఇంత విద్య ఉన్నవాడిని మందలించడమా? జత దొరకలేదన్న ఒకే కారణంతో నా దరఖాస్తును పక్కన పెట్టిన కమిటీ నుంచి ఇంతకన్నా ఏమి ఆశిస్తాం!

కోకాపేట రాయి: రోప్‌వే ఎక్కితే అది సగం కొండే.

మౌలాలి గుట్ట: మీ దరఖాస్తుకూ దీనికీ సంబంధం లేదు. నా బావమరిది ఒంటరిగా హిమాచల్ వెళ్లి చెప్పిన రోజుకు దిగకపోతే, రాత్రంతా ఊరూరికీ ఫోన్లు చేసింది మేము. మర్నాడు నవ్వుతూ వచ్చి సాహసమన్నాడు. 2018లో ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం కే2 నుంచి స్కీలపై దిగిన పోలండ్ స్కీయర్ అంజెయ్ బార్గియెల్‌కు సైతం సోదరుడు డ్రోన్‌తో సాయపడ్డాడు. మన పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్‌కు ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు.

భువనగిరి తాడు: మస్తాన్ బాబును హెచ్చరిక బోర్డుగా వాడకండి. ఆయన గొప్పతనం ఆ ఒక్క రోజుతో కొలిచేది కాదు.

మౌలాలి గుట్ట: అయితే సూటిగా అంటాను. ఆ శిబిరానికి వచ్చేది పద్నాలుగు, పదిహేనేళ్ల గురుకుల పిల్లలు. 2014లో గురుకుల విద్యార్థులు పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కింది షెర్పాల తోడుతో. ఆ కథ విని వచ్చిన పిల్లల ముందు ‘తోడెందుకు’ అన్నవాడికి చప్పట్లు కొట్టించడమే నాకు అభ్యంతరం. ఆయన ఎక్కడమూ కాదు, రోప్‌వే అంతకన్నా కాదు.

నిజాంపేట నడక: ఈ మాట మొదటే అని ఉంటే సరిపోయేది కదండీ.

భువనగిరి తాడు: శాలువా మానేద్దాం. కానీ మెడ దగ్గర మబ్బు చూసి ఎలా వెనుదిరిగారో ఆయన చేతే పిల్లలకు చెప్పిద్దాం.

మౌలాలి గుట్ట: అది పెద్దలకు చెప్పించండి. బ్యానర్‌పై ‘ఒంటరిగా’ అని రాయిస్తే మాత్రం నేను రాను.