బంగారు చెప్పా, గాజు చెప్పా: నాలుగో తరగతి క్విజ్‌లో మైనస్ అయిదు న్యాయమేనా?

నాచారం నాన్న (శనివారం, ఉదయం 7:50)

మా పాప నాలుగో తరగతి. దగ్గర్లోనే ఓ ప్రైవేట్ స్కూలు, పేరు వద్దులెండి. నిన్న ఇంగ్లిష్ పీరియడ్‌లో సిండ్రెల్లా కథ మీద క్విజ్ ఆట పెట్టారు. క్లాసును ఆరు జట్లు చేశారు. టీచర్ బల్ల మీద హోటల్ కౌంటర్లో ఉండే లాంటి గంట. ముందు పరుగెత్తుకొచ్చి ఎవరు కొడితే వాళ్లు జవాబు చెప్పాలి. రైటయితే 10, తప్పయితే మైనస్ 5.

ఏడో ప్రశ్న: సిండ్రెల్లా చెప్పులు దేనితో చేసినవి? గాజు, బంగారం, వెండి, చెక్క. మా పాప అందరికన్నా ముందు గంట కొట్టి బంగారం అంది. తప్పన్నారు. "గ్రిమ్ కథలో బంగారమే మిస్" అని చెప్పబోతే "నెక్స్ట్" అన్నారు. జట్టు సరిగ్గా 5 పాయింట్లతో ఓడింది. లంచ్‌లో జట్టు పిల్లలు దీన్ని "గోల్డ్, గోల్డ్" అని పిలిచారట. రాత్రి అన్నం తినలేదు.

పాప చెప్పింది తప్పు కాదు. జర్మన్ కథకులు గ్రిమ్ సోదరుల సిండ్రెల్లా కథ మా ఇంట్లో ఉంది, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 60 రూపాయలకు కొన్నాను. అందులో గుమ్మడికాయ బండి లేదు, దేవత లేదు. తల్లి సమాధి మీద మొలిచిన చెట్టు, దాని మీద తెల్ల పిట్ట. రాజుగారి విందు మూడో రాత్రి పిట్ట ఇచ్చేవి బంగారు చెప్పులు. రాజకుమారుడు మెట్ల మీద తారు పూయిస్తే ఎడమ చెప్పు అతుక్కుపోతుంది. ఇంత తెలిసిన పిల్లకు మైనస్ అయిదా? మీరే చెప్పండి.

బస్‌పాస్ (8:02)

గాజు చెప్పులేసుకుని డాన్స్ ఎట్ల చేస్తరు అన్నా. పాప లాజిక్కే కరెక్టు.

పాత పేపర్ (8:31)

ఇద్దరూ రైటే. గాజు చెప్పు ఫ్రెంచాయన షార్ల్ పెరో 1697లో అచ్చేసిన కథలోది. గుమ్మడికాయ బండి, గుర్రాలైన ఆరు చిట్టెలుకలు, బండి తోలే పందికొక్కు, నౌకర్లయిన ఆరు బల్లులు అన్నీ ఆయనవే. గ్రిమ్ సోదరులది 1812, అందులో బంగారం. 1950లో డిస్నీ వాళ్లు పెరో కథను పట్టుకుని సినిమా తీశారు, అప్పటి నుంచి లోకమంతా గాజే. ఇంకా వెనక్కి వెళ్తే తొమ్మిదో శతాబ్దపు చైనా కథలో యెషియన్ అనే అమ్మాయి ఉంది. దేవత స్థానంలో చేప ఎముకలు, కాళ్లకు బంగారు చెప్పులు. కాబట్టి గాజు కన్నా బంగారమే పాతది. 1893లోనే మేరియన్ కాక్స్ అనే ఆవిడ ఈ కథవి 345 రూపాలు పోగేసింది. ఒక్క జవాబే రైటు అనడానికి ఇదేమైనా రెండో ఎక్కమా?

చాక్‌పీసు (9:15)

నేను టీచర్ని, పదకొండేళ్ల సర్వీసు. నాచారం నాన్నగారూ, ఒక్క సంగతి చెప్పండి. క్విజ్‌కి ముందు కథ షీటు ఇచ్చారా లేదా?

లక్డీకాపూల్ లాయర్ (9:40)

అసలు గాజు అనేదే పొరపాటు. ఫ్రెంచిలో గాజును 'వేర్' అంటారు, ఉడత బొచ్చునూ 'వేర్' అనే అంటారు. స్పెల్లింగ్ మాత్రమే తేడా. ఎవరో విని తప్పుగా రాసుకున్నారు. బొచ్చు చెప్పు అనేది ఆప్షన్లలోనే లేదు కాబట్టి ప్రశ్నే చెల్లదు.

పాత పేపర్ (9:58)

అది పెరో తర్వాత ఎప్పుడో, ఫ్రెంచి రచయిత బాల్జాక్ కాలంలో లేచిన వాదన లాయర్ గారూ. పెరో తన కథ పేరులోనే గాజు స్పెల్లింగ్‌తో "చిన్న గాజు చెప్పు" అని వేశాడు. విని రాసుకున్నది కాదు, సొంత పుస్తకం.

లక్డీకాపూల్ లాయర్ (10:10)

అచ్చు తప్పులు మాకూ తెలుసు. మా సేల్ డీడ్‌లో నాన్న పేరే తప్పు పడింది. దాన్ని సరిచేయించడానికి రెండేళ్లు తిరిగాను. అచ్చులో ఉంది కదా అని నిజమైపోదు.

పాత పేపర్ (10:14)

సేల్ డీడ్‌కీ దీనికీ ఏం సంబంధమండీ?

నాచారం నాన్న (10:45)

పాత పేపర్ గారూ, థాంక్స్. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. చాక్‌పీసు గారూ, షీటు సంగతి కాదు ఇక్కడ. నిజం ఏది అన్నదే సంగతి.

చాక్‌పీసు (11:20)

షీటు సంగతే. క్లాసులో "ఏ పుస్తకం ప్రకారం" అని ప్రతి ప్రశ్నకూ రాయం, చదివించిన కథ ప్రకారమే అడుగుతాం. రామాయణం పాఠం చెప్పి, సీత ఎవరి కూతురని అడిగితే, రావణుడి కూతురని చెప్పే కథలూ ఉన్నాయని ఓ పిల్లాడంటే ఏం చేయాలి? తెలివైనవాడే. నేనైతే మెచ్చుకుని కూర్చోబెడతాను, మార్కు మాత్రం వేయను. పీరియడ్ 40 నిమిషాలు. అందులో హాజరు, డైరీ, ఒకడికి బాత్రూం, ఇద్దరికి పెన్సిల్ గొడవ. ఇరవై ప్రశ్నలు అవ్వాలి. "నెక్స్ట్" అనకుండా ఎలా?

నాచారం నాన్న (11:32)

మీరే ఒప్పుకున్నారు, మెచ్చుకుని కూర్చోబెడతానని. మా పాపను మెచ్చుకోలేదు. అదే నా బాధ.

సాఫ్ట్‌వేర్ బావ (12:05)

గంట, పరుగు ఎందుకండీ ఈ రోజుల్లో. కహూట్ అనే ఆన్‌లైన్ క్విజ్ యాప్‌లో పెట్టుకుంటే ఒకే ప్రశ్నకు రెండు జవాబులు రైటని టిక్ చేసే వీలుంది. గాజు, బంగారం రెండూ పెట్టేస్తే గొడవ ఉండేది కాదు.

చాక్‌పీసు (12:11)

నలభై మంది పిల్లలకు నలభై ఫోన్లు మీరు పంపిస్తారా బావగారూ?

ఉప్పల్ అమ్మ (మధ్యాహ్నం 2:30)

చెప్పుల గురించి ఇంత గొడవ జరుగుతోంది. మా బాబు స్కూల్లోనూ ఈ కథే ఆడించారు, ప్రశ్నలు వేరు. మూడో ప్రశ్న: సిండ్రెల్లాను ఏడిపించింది ఎవరు? జవాబు: సవతి తల్లి. మావారికి నాతో రెండో పెళ్లి. బాబు వాళ్ల అమ్మ పోయినప్పుడు వాడికి మూడేళ్లు. వాడు ఇంటికొచ్చి నన్నేమీ అడగలేదు. షూ విప్పుతూ "జవాబు నాకు తెలుసు కానీ గంట కొట్టలేదమ్మా" అన్నాడు. అంతే. ఇలాంటి ప్రశ్న మీద ఎవరూ థ్రెడ్ పెట్టరు.

బస్‌పాస్ (2:41)

🙏

పాత పేపర్ (3:20)

అమ్మా, ఓ మాట. పెరో కథలోనూ గ్రిమ్ కథలోనూ తండ్రి బతికే ఉంటాడు. చాలామందికి తెలియదు, ఎందుకంటే డిస్నీ సినిమాలో చనిపోతాడు. కూతురు బూడిదలో పడుకుంటుంటే అదే ఇంట్లో భోంచేస్తూ ఉంటాడు. ఆయన మీద ఏ క్విజ్‌లోనూ ప్రశ్న ఉండదు.

నాచారం నాన్న (3:45)

ఉప్పల్ అమ్మగారూ, మీ బాధ అర్థమైంది, కానీ అది వేరే విషయం. దయచేసి టాపిక్ మార్చొద్దు. తప్పు ప్రశ్న వేసి పిల్లను అవమానిస్తే ఎవరిది బాధ్యత?

చాక్‌పీసు (రాత్రి 8:10)

మూడోసారి అడుగుతున్నాను. షీటు ఇచ్చారా?

నాచారం నాన్న (8:52)

ఇచ్చారు. సోమవారం ఇచ్చారట. మేం మధ్యలో వరంగల్‌లో పెళ్లికి వెళ్లొచ్చాం, బ్యాగ్ చూసే తీరిక దొరకలేదు. నిన్న రాత్రి చూస్తే టిఫిన్ బాక్స్ కింద మడత పడి ఉంది, పప్పు మరకతో. అందులో గాజనే ఉంది. అయితే మాత్రం? బంగారం అన్న జవాబు అబద్ధమైపోతుందా?

బస్‌పాస్ (8:55)

అరె అన్నా. పొద్దుట్నుంచి చెప్పవేం.

చాక్‌పీసు (9:30)

అబద్ధం కాదు, ఆ షీటుకు జవాబు కాదు. ఇక నా సొంత సంగతి చెప్తాను, అప్పుడైనా అర్థమవుతుందేమో. ఇంతకు ముందు పనిచేసిన స్కూల్లో ఐదో తరగతికి క్విజ్ పెట్టాను. ఒక ప్రశ్నకు నేను పెట్టుకున్న జవాబే తప్పు. ఓ అమ్మాయి లేచి చెప్పింది. "సారీ రా, నాదే తప్పు, నీ జట్టుకు 10" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున్నే ఓడిన జట్టులో ఒకడి తండ్రి ఆఫీసు రూములో కూర్చుని ఉన్నాడు. "సబ్జెక్ట్ రాని టీచర్‌కి మేం లక్ష కడుతున్నామా" అన్నాడు. నన్ను పిలిచి ఆయన ముందు నిలబెట్టారు. ఆ ఏడు ఇంక్రిమెంట్ రాలేదు. అప్పటి నుంచి క్లాసులో డౌటొస్తే నేనూ "నెక్స్ట్" అనేదాన్నే.

నాచారం నాన్న (9:41)

అంటే జీతం కోసం పిల్లలకు తప్పు చెప్తారన్నమాట. బాగుంది.

చాక్‌పీసు (9:44)

మీరు ఒక్కసారైనా ఆ టీచర్‌కి ఫోన్ చేశారా? డైరీలో రెండు లైన్లు రాశారా? చేసి ఉంటే ఇక్కడ ఇంత రాయాల్సిన పని ఉండదు.

సాఫ్ట్‌వేర్ బావ (9:50)

కూల్ కూల్ ఇద్దరూ.

నాచారం నాన్న (10:25)

ఫోన్ చేయలేదు. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి పుస్తకంలో ఆ పేజీ ఫోటో తీసి, పక్కనే ఆ ప్రశ్న రాసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "టీచర్ రైటా, నా కూతురు రైటా?" అని. ఆమె కూడా గ్రూపులో ఉంది. పడుకునే లోపు 43 మెసేజ్‌లు. ఆమె ఒక్క మాటా అనలేదు, బ్లూ టిక్ మాత్రం పడింది. ఏం తప్పు? క్లాసంతా చూస్తుండగా నా కూతురు తలదించుకుంది కదా. అంతమందిలో ఆమెకూ తెలియాలి.

చాక్‌పీసు (10:33)

ఇప్పుడు చెప్పారు అసలు మాట. మీకు గాజూ అక్కర్లేదు, బంగారమూ అక్కర్లేదు. ఆమె తల దించాలి, అంతే.

నాచారం నాన్న (10:36)

అవును. అనుకోండి. ప్రతి పీటీఎంకి హాఫ్ డే లీవు పెట్టి వెళ్తాను. ప్రతిసారీ "పాప సైలెంట్ అండి, పార్టిసిపేట్ చేయదు" అంటారు. ఇంట్లో వాగుడుకాయ. మూడేళ్లుగా అదే మాట విన్నాను. మొదటిసారి లేచి, పరుగెత్తి, గంట కొట్టింది. కొట్టినందుకు మైనస్ అయిదు. ఇక జన్మలో కొడుతుందా?

ఉప్పల్ అమ్మ (10:58)

ఈ మాట పొద్దున్నే రాయాల్సింది సార్. వేరే విషయం అన్నారు ఇందాక. మా వాడూ గంట కొట్టలేదు.

చాక్‌పీసు (ఆదివారం, ఉదయం 6:40)

రాత్రి కోపంలో ఏమీ రాయలేదు. ఇప్పుడు చెప్తున్నాను. మూడేళ్లు నోరు తెరవని పిల్ల గంట కొడితే మైనస్ పెట్టకూడదు. చిన్న పిల్లల ఆటలో అసలు మైనస్సే ఉండకూడదు. అది ఆమె తప్పు, ఒప్పుకుంటాను. గ్రూపులో పెట్టడం మీ తప్పు. అది తీసేసి ఆమెకు ఫోన్ చేయండి.

నాచారం నాన్న (7:15)

ముందు ఆమె సారీ చెప్పాలి. తర్వాత తీస్తాను.

లక్డీకాపూల్ లాయర్ (11:00)

బొచ్చు సంగతి ఎవరూ తేల్చలేదు.

నాచారం నాన్న (సోమవారం, సాయంత్రం 6:20)

అప్‌డేట్. పొద్దున పాపను దింపేటప్పుడు గేటు దగ్గర టీచర్ కనిపించింది. చిన్నమ్మాయి, ఇరవై నాలుగు ఉంటాయేమో. నన్ను చూసి ముందే "సార్ నమస్తే" అంది, చేతిలో ఫైలు గట్టిగా పట్టుకుని. ఆదివారం ప్రిన్సిపల్ ఫోన్ చేశారట. నేను అనుకున్నవేవీ నోట్లోంచి రాలేదు. పాపే టీచర్ చున్నీ పట్టుకుని "మిస్, మడమ కోసుకునే సంగతి ఇప్పుడు చెప్పనా" అంది. అదట దాని ఏడుపు. పాయింట్లు కాదు. గ్రిమ్ కథలో సవతి అక్క చెప్పు పట్టాలని మడమ కోసుకుంటుంది, రక్తం చూసి పావురాలు పట్టిస్తాయి. అది క్లాసుకు చెప్పాలని గంట కొట్టిందట.

చాక్‌పీసు (6:34)

నాలుగో తరగతిలో మడమ కోసుకునే కథ అయితే నేనూ ఆపేదాన్నే. ఓ తల్లి సాయంత్రానికి గ్రూపులో పెట్టేది. ఆమె ఏమంది?

నాచారం నాన్న (6:40)

"గేమ్స్ పీరియడ్‌లో నాకొక్కదానికే చెప్పు" అంది.

పాత పేపర్ (6:52)

చిన్న సవరణ. మడమ కోసుకునేది రెండో ఆమె. మొదటామె కోసుకునేది బొటనవేలు. పాపకు చెప్పండి.

చాక్‌పీసు (6:55)

గ్రూపులో ఆ ఫోటో తీసేశారా?

నాచారం నాన్న (7:10)

ఇప్పుడే చూశాను. 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' రావట్లేదు. రెండున్నర రోజులు దాటిందిగా.