పాల మేకలు కొంటే రక్తం టెస్ట్ ఎవరు చేయించాలె, బండి ఎక్కినంక నష్టం ఎవరిది?

మిర్యాలగూడ పాడి:
అన్నలకు అక్కలకు నమస్తే. రెండు బర్రెలు ఉన్నయి నాకు, వాటికి తోడు పాల మేకలు పెడ్దామని చూస్తున్న. కల్వకుర్తి దిక్కు ఒక బ్రీడర్ దగ్గర 8 మేకలు నచ్చినయి, బీటల్ క్రాస్ (బీటల్ అనే పాల జాతి కలిసినవి), అండ్ల ఐదు పాలిచ్చేవి, మూడు చూడివి. రేటు కాడ లొల్లి ఏం లేదు, ఒక్కోటి 27 వేలు అన్నడు, సరే అన్న. లొల్లి అంతా షరతుల కాడనే. ఆయన వాట్సాప్‌ల పెట్టింది చెప్తున్న: సగం పైసలు బయానా ఇయ్యాలె, అది వాపస్ రాదు. టీకాల కార్డు ఇస్తడు. రక్తం టెస్ట్ కావాలంటే నా ఖర్చుతోటి నేనే చేయించుకోవాలె, పాజిటివ్ వస్తే ఆ మేక బదులు అదే మందల నుంచి ఇంకోటి ఇస్తడు గాని పైసలు ఇయ్యడు. బండి ఎక్కినంక మేక చచ్చినా, పాలు తగ్గినా, కడుపు పోయినా ఆయనకు సంబంధం లేదు.

నాకైతే గిది ఒక్క దిక్కు షరతులే అనిపిస్తుంది. పాల కోసమని చెప్పి అమ్మేటోడు టెస్ట్ చేయించే అమ్మాలె గదా? మీరేమంటరు?

దేవరకద్ర కాపరి:
తమ్మీ, టెస్టులు గిస్టులు ఏం లేకుండనే పెబ్బేరు సంతల ఎన్ని మేకలు చేతులు మారుతయో ఒకపారి పోయి చూడు. చూపు ఉండాలె, అంతే. పోంగనే మేకను పట్టుకోకు, మందల నడుస్తుంటే దూరం నుంచి చూడు, అన్నిటికన్న ఎనక పడేది, ముందు మోకాళ్ళు ఉబ్బినది వద్దు. కింది రెప్ప గుంజి చూడు, ఎర్రగుంటే మంచిదే, తెల్లగ పాలిపోయి ఉంటే కడుపుల నట్టలు రక్తం తాగుతున్నట్టు. దవడ కింద, చెవి కింద, జబ్బ ముందల తడుము, గడ్డ తగిలిందంటే వదిలెయ్. పండ్లు చూడు, రెండు పండ్లు అంటే ఏడాది దాటింది, ఎనిమిది పడ్డయంటే నాలుగేండ్ల కాడికి వచ్చినట్టు, ఇంక ఆయన రెండో ఈత అని చెప్తే నమ్మకు.

అసలు మోసం పొదుగు కాడ ఉంటది. మనం వస్తున్నమని తెలిస్తే పొద్దున పిండకుండ ఉంచుతరు, మనం పోయేవరకు పొదుగు నిండి మెరుస్తుంటది. అందుకే ముందురోజు సాయంత్రమే పో, నీ ముందల ఖాళీ అయ్యేదాక పిండించు, రాత్రి ఆ ఊర్లనే పండుకో, తెల్లారి నువ్వే పిండు, అప్పుడు గిన్నెల పడ్డవే దాని పాలు. పిండినంక పొదుగు ఖాళీ తోలుసంచి లెక్క మెత్తగ జారాలె, లోపల రాయి లెక్క తగిలితే పొదుగువాపు వచ్చి పోయిందన్నట్టు. ఇంకొందరు పక్కన చిన్న పిల్లను కట్టి మొన్ననే ఈనింది అంటరు, పిల్లను వదిలి చూడు, తల్లయితే వాసన చూసి నిలబడి ఇస్తది, తన్నిందంటే ఆ పిల్ల ఇంకోదానిది. ఇవన్నీ చూసుకున్నంక టెస్ట్ ఎందుకు, పైసలు దండుగ.

పశువుల దవాఖాన (రిటైర్డ్), నల్లగొండ:
కాపరి అన్న చెప్పినవి అన్నీ నిజమే, నేను కూడా ముందు అవే చూడమంటాను. కానీ దండుగ అన్నమాట ఒప్పుకోను. చూపుకి దొరకని రోగాలు ఉన్నాయి కాబట్టే ల్యాబ్ అవసరం. బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా రోగం ఉన్న మేక బొద్దుగా, నిగనిగలాడుతూ, పాలిస్తూ ఉంటుంది, చూడి చివరి నెలల్లో పిండం పడిపోయేదాకా తెలియదు, ఒక్కోసారి అప్పటికీ తెలియదు. ఆ పాలు పచ్చివి తాగినా, ఈనేటప్పుడు ఉత్త చేతులతో మాయ పట్టుకున్నా మనిషికి అంటుతుంది, వచ్చీ పోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము కీళ్ళ నొప్పులు నెలలతరబడి పీడిస్తాయి. డెంగ్యూ సీజన్‌లో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని మేకపాలు పచ్చివే తాగిస్తున్నారు చూడండి, ఆ నమ్మకానికి రుజువు లేదు సరే, పచ్చివి తాగించడం మాత్రం ప్రమాదం. పాలమ్మేవాడివి కాబట్టి ఇది నీ ఒక్కడి నష్టం కాదు తమ్ముడూ.

రెండోది సీఏఈ అనే వైరస్. అన్న మోకాళ్ళ వాపు అన్నాడే, అది ఎక్కువగా పెద్ద మేకల్లో, వైరస్ అంటిన చాన్నాళ్ళకు బయటపడుతుంది, కొన్నిట్లో బయటపడనే పడదు. తల్లి జున్నుపాల నుంచి పిల్లకు పోతుంది, టీకా లేదు మందు లేదు. విదేశీ రక్తం కలిసిన పాల మేకలు ఉన్న మందలో ఇది అడిగి తీరాలి. మూడోది జోన్స్ అనే పేగుల రోగం, మేక తింటూనే ఎండిపోతుంది, అంటిన తర్వాత ఏళ్ళు పడుతుంది బయటపడటానికి.

అయితే టెస్ట్ నెగటివ్ వచ్చిందని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవడానికీ లేదు. ఆరు నెలల లోపు పిల్లకు సీఏఈ పాజిటివ్ వస్తే అది తల్లి పాల నుంచి వచ్చిన యాంటీబాడీ కావచ్చు. జోన్స్ అయితే చిన్న వయసులో టెస్టుకు చాలావరకు చిక్కదు. అందుకే నువ్వు కొనే 8 మేకల రిపోర్ట్ కన్నా మొత్తం మందకు ఎప్పుడైనా చేయించారా, ఏం వచ్చింది అని అడగడం మేలు. బ్రూసెల్లాకు రోజ్ బెంగాల్ అనే పరీక్ష ఉంది, తేలికైనది, సీరం చుక్కలో రంగు మందు కలిపితే నాలుగు నిమిషాల్లో గడ్డకడుతుందా లేదా తెలుస్తుంది. అందులో పాజిటివ్ వస్తే ఎలైజా అనే ఇంకో ల్యాబ్ పరీక్షతో ఖాయం చేసుకోవాలి.

షాద్‌నగర్ ఫామ్:
నేను అమ్మే సైడ్ నుంచి చెప్తా, తిట్టేటోళ్ళు తిట్టుండ్రి. బయానా వాపస్ ఇయ్యం అని ఎందుకంటమో తెలుసా, ఒకాయన బయానా ఇచ్చి మేకను పక్కకు పెట్టమంటడు, మేం వేరే బేరాలు వదులుకొని దానా పెట్టి సాకుతం, తర్వాత ఫోన్ ఎత్తడు, లేకుంటే సంతల తక్కువకు దొరికింది అంటడు. బండి ఎక్కినంక బాధ్యత లేదని ఎందుకంటమంటే, మీ షెడ్ల ఏం జరుగుతదో నాకేం ఎరుక? నా దగ్గర మేక సుబాబుల్ ఆకు, వేరుశనగ పొట్టు, కొంచెం దానా తింటది. మీ ఇంటికి పోంగనే పాలు ఎక్కువ రావాలని బుక్కెడు బుక్కెడు బియ్యం, మక్కలు పెడ్తరు, కడుపు పులిసి రెండోనాడు పడిపోతది, నాకు ఫోన్ చేసి రోగం మేక అంటగట్టినవ్ అంటరు. ఎండల ట్రాలీ ఆటోల నీళ్ళు లేకుండ తీసుకపోతే పాలు తగ్గక ఏమైతది, ఏ మేకకైనా కొత్త జాగల కొన్ని రోజులు పాలు తగ్గుతయి. ఇంకొకాయన అదే వారం సంతల కొన్న నాలుగు మేకలతోని నా మేకలను ఒకటే దొడ్లె కట్టేసిండు, పారుడు రోగం వచ్చింది, తిట్లు మాత్రం నాకే.

టెస్ట్ కాడ నాకు అభ్యంతరం లేదు, కానీ అడిగినోడే ఖర్చు పెట్టుకోవాలె. పాజిటివ్ వస్తే మటుకు పైసలు వాపస్ ఇయ్యాలె, మీ బ్రీడర్ మేక మారుస్త అనుడు నాకు నచ్చలే. ఒకదానికి వచ్చిన మందల నుంచి ఇంకోటి తీస్కొని ఏం చేస్తవ్?

మిర్యాలగూడ పాడి:
గదే గదా అన్నా నేను అనేది. మరి గ్యారంటీ అసలే లేదు అనుడు చట్టం ప్రకారం నడుస్తదా?

వనపర్తి లా స్టూడెంట్:
నడవొచ్చు, అదే ఇబ్బంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో సెక్షన్ 16 ఉంది, మామూలుగా కొన్నవాడే చూసుకోవాలి అంటుంది, కానీ మినహాయింపులు పెట్టింది. నువ్వు ఏ పని కోసం కొంటున్నావో అమ్మేవాడికి చెప్పి, ఆయన నైపుణ్యాన్ని నమ్మి కొంటే, ఆయన అదే వ్యాపారం చేసేవాడైతే, ఆ పనికి తగినట్టు ఉండాలనే షరతు రాయకపోయినా ఉన్నట్టే. ఇంకో ముక్క, నువ్వు చూసి కొన్నప్పుడు చూపుకి తెలియాల్సిన లోపం మీద తర్వాత అడగలేవు. అంటే దవడ కింద గడ్డ నీ నెత్తిన, రక్తంలో దాగిన రోగం మీద మాత్రం వాదించొచ్చు. కానీ సెక్షన్ 62 ప్రకారం ఇద్దరూ ఒప్పుకుంటే ఇలాంటి రాయని షరతులను తీసేసుకోవచ్చు. ఆయన వాట్సాప్‌లో ఏ గ్యారంటీ లేదు అని పెట్టి నువ్వు ఓకే అని బొటనవేలు పెడితే, రేపు ఆయన చూపించేది అదే. కాబట్టి ఇప్పటికి ఓకే అనకు.

వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చా అంటే, 2019 చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు, కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్నవాడికి ఆ అడ్డు లేదు. 8 మేకలు ఇంటిల్లిపాదీ చూసుకుంటే బతుకుదెరువు అని వాదించొచ్చు.

దేవరకద్ర కాపరి:
కోర్టు తీర్పు వచ్చేవరకు మేక మనుమరాండ్ల పెండ్లి కూడా అయిపోతది లాయర్ సాబ్. మా దిక్కు అయితే మధ్యల ఒక పెద్దమనిషిని పెట్టుకుంటం, మాట ఆయన ముందల అనుకుంటం, పదిరోజుల్ల ఏమన్నా అయితే ఆయనే తెగదెంపులు చేస్తడు. అమ్మేటోనికి మళ్ళ అదే ఊర్ల, అదే సంతల మొఖం చూపించాలె గదా, అందుకే మాట తప్పడు.

వనపర్తి లా స్టూడెంట్:
అన్నా, అది ఒక్క ఊరోళ్ళ మధ్య నడుస్తుంది. ఫోన్‌లో వీడియో చూసి రెండు జిల్లాల అవతల నుంచి కొనేటోడికి ఏ పెద్దమనిషి దొరుకుతాడు?

అచ్చంపేట మహిళా సంఘం:
నేనొకటి అడుగుత, కోపం చేయకుండ్రి. మా సంఘంల చాలామంది రెండు మేకలు, మూడు మేకలు కొనేటోళ్ళు, లోన్ తీసుకొని. రక్తం తీసేటందుకు డాక్టర్ను పట్టుకొని, ఐసు డబ్బాల పెట్టి హైదరాబాద్ రాజేంద్రనగర్ ల్యాబ్ దాకా పంపుడు అంటే వాళ్ళతోని అయితదా? కొనేటోళ్ళే చేయించుకోవాలె అంటే ఉన్నోడు చేయించుకుంటడు, లేనోడు దేవుని మీద భారం వేస్తడు. అదే ఫామ్ ఆయన ఏడాదికోపారి మొత్తం మందకు చేయించి కాయితం గోడకు అతికిస్తే వచ్చిన ప్రతోనికి పనికొస్తది గదా. ఒక్కో మేక మీద ఎంత పడుతది, అది రేటుల కలుపుకోండ్రి.

ఇన్సూరెన్స్ ఉంది గదా అని కూడా అనుకోవద్దు. చెవికి ట్యాగ్ లేకుంటే చెయ్యరు, చేసినా మొదటి 15 రోజుల్ల రోగంతోని చస్తే మామూలుగా ఇయ్యరు. కొన్న మొదటి రెండు వారాలే అసలు భయం ఉండేది, అప్పుడే అది కాపాడదు.

షాద్‌నగర్ ఫామ్:
అక్కా మీరు చెప్పింది బాగుంది గానీ, రేటు పెంచి టెస్ట్ కాయితం చూపిస్తే జనం ఏమంటరో తెలుసా, పక్క ఫామ్‌ల రెండు వేలు తక్కువకు ఇస్తుండు అంటరు. కాయితం కావాలె అనేది అందరు, కాయితానికి పైసలు పెట్టేది ఎవ్వరు లేరు. నేను బ్రూసెల్లా వరకు ఏడాదికోసారి చేయిస్త, మిగిలినవి అడిగినోళ్ళకు.

పశువుల దవాఖాన (రిటైర్డ్), నల్లగొండ:
అక్క చెప్పిందే సరైన పద్ధతి. నేను ఇంకో మాట కలుపుతాను, గ్యారంటీ ఎన్ని రోజులు అనేది రోగాన్ని బట్టి ఉండాలి, అందరూ పది రోజులు పది రోజులు అంటారు, ఆ పది ఎక్కడిదో ఆలోచించరు. పారుడు రోగం, అదే పీపీఆర్ అనే వైరస్ రోగం, మేకకు అంటిన తర్వాత ఎక్కువగా 4 నుంచి 6 రోజుల్లో, ఆలస్యమైతే 10 రోజులకు బయటపడుతుంది. కాబట్టి దిగిన నాలుగో రోజు జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, పారడం మొదలైతే అక్కడి నుంచో దారిలోనో తెచ్చుకున్నట్టే చూడాలి, ఇరవయ్యో రోజు వస్తే అది మీ దొడ్డిది. అలా తేలాలంటే కొన్నవాడు కూడా ఒక పని చేయాలి, కొత్తవాటిని మూడు నాలుగు వారాలు పాతవాటికి దూరంగా, వేరే తొట్టి వేరే బకెట్‌తో కట్టాలి. కట్టకుండా కలిపేస్తే షాద్‌నగర్ ఆయన కోపం న్యాయమే. టీకా కార్డు మీద తేదీ చూడండి, పీపీఆర్ టీకా ఒకసారి వేస్తే మూడేళ్ళ దాకా కాపాడుతుంది, కానీ అమ్మే ముందురోజు వేసి కార్డు నింపితే లాభం లేదు, పని చేయడానికి కనీసం రెండు వారాలు కావాలి.

పొదుగువాపు పరీక్ష మందు ఉంటుంది కదా, ప్లేట్‌లో పాలతో కలిపితే జిగురు కట్టేది, అది మేకపాలలో బర్రెపాల లెక్కన చూడకూడదు. మేకపాలలో మామూలుగానే కణాలు ఎక్కువ, కొంచెం జిగురు వస్తే రోగం అనుకోవద్దు. రెండు చన్నుల పాలు పక్కపక్కన పోసి, ఒకటి నీళ్ళలా ఇంకోటి ముద్దలా ఉందా అని చూడండి. అదీ లేకపోతే మొదటి రెండు ధారలు నల్ల గుడ్డ మీద పిండండి, తెల్ల పలుకులు ఉంటే కనబడతాయి.

మిర్యాలగూడ పాడి:
బ్రీడర్‌తోని మాట్లాడిన. మీరు చెప్పినవి పట్టుకొని పోతే కొంచెం దిగొచ్చిండు. బయానా సగం కాదు, ఐదోవంతు. రక్తం మా ఇద్దరి ముందల తీయాలె, ట్యాగ్ నంబర్ సీసా మీద రాయాలె, బ్రూసెల్లా సీఏఈ రెండిటికి ఖర్చు నాది. అండ్ల ఏది పాజిటివ్ వచ్చినా బయానా వాపస్, టెస్ట్ ఖర్చు కూడా ఆయనే ఇస్తడు. దిగిన 10 రోజుల్ల పారుడు రోగం అని సర్కారు డాక్టర్ రాసిస్తే సగం నష్టం ఆయనది, నేను వేరుగ కట్టి ఫొటోలు పంపాలె. పాలు తగ్గితే నాదే, దానికి ఒప్పుకున్న. తెల్ల కాయితం మీద రాసుకుందామన్నడు.

తెగనిది ఒక్కటే, చూడి మేకలు. నెల లోపల కడుపు పోతే ఎవరిది అంటే ఆయన ససేమిరా అంటుండు.

షాద్‌నగర్ ఫామ్:
ఆ ముచ్చటల నేను ఆయన దిక్కే. నిండు చూడిని ఆటోల ఎక్కించి ఎత్తేసుకుంట, గుంతల్ల ఎగిరేసుకుంట తీసుకపోయి, కడుపు పోయింది పైసలియ్యి అంటే ఎవరిస్తరు?

పశువుల దవాఖాన (రిటైర్డ్), నల్లగొండ:
కడుపు పోవడానికి బ్రూసెల్లా ఒక్కటే కారణం కాదు, క్లామిడియా, టాక్సోప్లాస్మా అనే క్రిములు, దెబ్బ, ఎండ, దానా మార్పు, ఏదైనా కావచ్చు. పడిపోయిన పిండాన్ని, మాయను ల్యాబ్‌కు పంపితే తప్ప ఎవరిది తప్పు అని తేలదు, చాలాసార్లు పంపినా తేలదు. పట్టుకునేటప్పుడు చేతికి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి. అడిగితే నా సలహా, చివరి నెలన్నరలో ఉన్న చూడి మేకను దూరం తీసుకుపోవద్దు.

అచ్చంపేట మహిళా సంఘం:
ఈనినంకనే తీసుకుంటవు అనుకో, తల్లి పాలిచ్చుడు కూడా నీ కండ్లతోని చూసుకుంటవ్. అంతవరకు సాకిన ఖర్చు ఇస్తనని అడుగు తమ్మీ.

మిర్యాలగూడ పాడి:
సరే అక్కా, గట్లనే అడిగిన. ఐదు పాలిచ్చేవే ఇప్పుడు తీసుకుంట, మూడు చూడివి అక్కడనే ఈనాలె, అవి ఈనేవరకు నెలకు ఇంతని దానా ఖర్చు ఇస్తనన్న. ఆయన ఇంటోళ్ళను అడిగి చెప్తనన్నడు. వచ్చే సోమవారం రక్తం తీసేటందుకు పోతున్నం, కల్వకుర్తి దగ్గర ఐసు డబ్బా దొరికే మెడికల్ ఎవరికన్నా ఎరుకుంటే చెప్పుండ్రి.