బాలి వరిమెట్ల దగ్గర లువాక్ కాఫీ తాగడం తగునా?

మారతహళ్ళి బాటసారి:
దసరా సెలవులలో మా నాన్నగారితో, పిల్లలతో బాలి వెళ్తున్నాము. కోనసీమలో జీవితమంతా వరి పండించిన మనిషి కనుక ఆయనకు సముద్రం మీద ఆసక్తి లేదు. కొండవాలున మెట్లుమెట్లుగా దిగే మళ్ళు చూపిస్తే చాలన్నారు. ట్రావెల్స్ వారు ఉబుద్ ఊరి దగ్గరి తెగల్లాలంగ్ వరిమెట్లతో పాటు అదే పూటలో ఒక కాఫీ తోటను కూడా చేర్చారు. మానుపిల్లి కాఫీ పండ్లు తిని విసర్జించిన గింజలను కడిగి, వేయించి చేసే లువాక్ కాఫీ అక్కడ తాగిస్తారట. తాగకుండా రావడం వెర్రితనమని ఒకరు, ఆ గడప తొక్కడమే తప్పని మరొకరు అంటున్నారు. మీరేమంటారు?

డికాక్షన్ ప్రియుడు:
తప్పకుండా తాగండి. ఆ తోటలలో అల్లం కాఫీ, నిమ్మగడ్డి టీ వంటివి చిన్న కప్పులలో ఊరికే రుచి చూపించి, లువాక్‌కు మాత్రం విడిగా డబ్బు తీసుకుంటారు. ఆ డబ్బు మీద బతికే కుటుంబాలున్నాయి. ఇక్కడ బోనుల్లో పెంచిన కోళ్ళ గుడ్లు రోజూ తినే మనకు విమానం దిగగానే జీవకారుణ్యం గుర్తుకు రావడం వింతగా ఉంది. ఆ మాటకొస్తే తిరుమల స్వామివారి తైలం కూడా ఈ పిల్లిదే కదా!

జయనగరం నాలుగో బ్లాకు:
ముందుగా చివరి మాటను సరిదిద్దాలి. స్వామివారికి వాడేది పునుగు పిల్లి తైలం. లువాక్ అనేది చెట్లెక్కి తిరిగే మానుపిల్లి. కుటుంబం ఒకటే అయినా జాతులు వేరు. కోళ్ళ గురించి మీ ఎత్తిపొడుపుకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

మానుపిల్లి రాత్రిపూట ఒంటరిగా తిరుగుతూ రకరకాల పండ్లు, పురుగులు తిని బతుకుతుంది. అది బాగా పండిన కాఫీ పండ్లనే ఏరుకుని తింటుందన్నందువల్లే ఈ కాఫీకి పేరు వచ్చింది. బోనులో పెట్టింది తినక తప్పని జంతువుకు ఏరుకోవడమనేదే లేనప్పుడు, మనం అంత డబ్బు పోసి కొంటున్నదేమిటి? నేను వెళ్ళిన తోటలో ఒక పిల్లి పట్టపగలు జాలీ వెంట అటూ ఇటూ ఆగకుండా తిరుగుతోంది. ‘ఇది చూపించడానికే, గింజలు అడవివి’ అన్నారు. కప్పులో పోశాక అడవిదో బోనుదో మనలో ఎవరు చెప్పగలరు? రుచి కూడా పలచగా ఉంది. చికోరీకి అలవాటుపడిన నా నాలుకదే లోపం కావచ్చు.

కాఫీయే కావాలంటే ఏదైనా చిన్న వారుంగ్‌లో, అంటే అక్కడి పాక హోటల్లో, కూర్చుని కోపి తుబ్రుక్ అడగండి. మెత్తని పొడి మీద మరిగిన నీళ్ళు పోసి, మడ్డి అడుగుకు దిగాక తాగుతారు. దానితో మనకు చుట్టరికమూ ఉంది: 1696లో డచ్చివారు జావాకు తెప్పించిన కాఫీ మొక్కలు మలబారు నుండే వెళ్ళాయి.

మీ నాన్నగారినైతే బతుకరు కొండ వాలున ఉన్న జతిలువిహ్‌కు తీసుకెళ్ళండి. తెగల్లాలంగ్‌లో ఫొటోల కోసం కట్టిన ఊయలల సందడి ఎక్కువ. జతిలువిహ్‌లో దాదాపు 600 హెక్టార్ల మళ్ళు కంటికి ఆనుతాయి. సుబక్ అనే రైతుల నీటి సంఘాలు వీటికి నీరు పంచుతాయి. 2012లో యునెస్కో ఈ ఏర్పాటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వైట్‌ఫీల్డ్ అమ్మ:
ఉబుద్ నుండి జతిలువిహ్ దారి మలుపుల మయం, మా పిల్లలకు వాంతులయ్యాయి. తెగల్లాలంగ్‌ను అంతగా తీసిపారేయకండి. పొద్దున్నే వెళితే ప్రశాంతంగానే ఉంటుంది. గట్ల మీద నడవనిచ్చినందుకు రైతులు అడిగే కొద్దిపాటి సొమ్ము నేరుగా వారికే చేరుతుంది.

మారతహళ్ళి బాటసారి:
కాఫీ తోటను తీసివేయించాను. ఇదంతా నాన్నగారికి చదివి వినిపిస్తే ఆయన ఒకటే అడిగారు: ‘ఎగువవాడు దిగువకు నీళ్ళెందుకు వదులుతాడు?’

జయనగరం నాలుగో బ్లాకు:
ఆయనకు సుడిదోమ (వరి రసం పీల్చే పురుగు) అని చెప్పండి, చాలు. దిగువ మళ్ళకు నీరందక నాట్లు వెనుకబడితే పురుగుకు ఎప్పుడూ ఏదో ఒక పచ్చని పైరు దొరుకుతుంది, తిరిగి ఎగువకే వస్తుంది. అందుకే నీటి ఆలయాల దగ్గర వంతులు నిర్ణయించుకుని, అందరూ ఒకేసారి నాటి, ఒకేసారి మళ్ళను బీడు పెడతారు. 1970లలో హరిత విప్లవం పేరిట ఎవరికి వారు ఆగకుండా పంటలు వేయాలన్నప్పుడు పురుగు చెలరేగి, చివరకు పాత వంతులకే మళ్ళవలసి వచ్చింది. మన కోలారు చెరువుల కింద నీరు పంచే నీరుగంటి ఉన్నట్లే అక్కడ సుబక్ పెద్దను పెకసేహ్ అంటారు. ఎవరైనా కనబడితే మాట్లాడించండి; గైడును మాత్రం పక్కనే ఉంచుకోండి, నాన్నగారి ప్రశ్నలు ఒకటితో ఆగవు.