సమస్యాపూరణం: ఇంటివాని పిలుపు నింట వినరు

ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం:

ఇంటివాని పిలుపు నింట వినరు

విషయం మీకందరికీ తెలిసిన టెన్షనే. డేటాబేస్ సర్వర్ (డేటాని దాచి, అడిగితే ఇచ్చే ప్రోగ్రాం) మన సిస్టంలోనే ఉంటుంది, అడిగేదీ మన ప్రోగ్రామే, అయినా "కనెక్షన్ రెఫ్యూజ్డ్", అంటే కలవను పొమ్మని, అంటుంది. అవధానాలు చేసిన ఆదిభట్ల నారాయణదాసు గారు 1919లో సంగీత కళాశాలకి తొలి అధ్యక్షులైన విజయనగరం ఇది. యతి తప్పితే ఊరుకోం. కారణం తప్పినా ఊరుకోం.

రాజాం నుంచి మాస్టారి పూరణ:

రాత్రి పోయి వచ్చె రాజాము విద్యుత్తు
సర్వరింక లేవఁజాలదాయె
పోర్టుకాడ కబురు పొందువారే లేరు
ఇంటివాని పిలుపు నింట వినరు

మాస్టారూ, అసలు కారణాల్లో మొదటిదాన్నే పట్టుకున్నారు. సర్వీస్, అంటే ఆ సర్వర్ ప్రోగ్రాం, నడవకపోతే ఆ పోర్టులో (ప్రోగ్రాంని పిలిచే నంబరు తలుపులో) వినేవాళ్లు ఉండరు, సిస్టంని నడిపే కెర్నలే వెంటనే తిప్పి పంపేస్తుంది. లినక్స్‌లో కనిపించే 111 ఎర్రర్ నంబరు అదే. సర్వర్ ఎందుకు లేవలేదో లాగ్ (సర్వర్ తన పనులు రాసుకునే ఫైలు) చివర్న రాసే ఉంటుంది: డిస్క్ నిండిపోయి ఉండొచ్చు, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో అయితే పాత పిడ్ ఫైలు (నడిచే ప్రాసెస్ నంబరు రాసుకునేది) మిగిలిపోయి ఉండొచ్చు. పాత ప్రాసెస్ ఏదీ బతికి లేదని చూసుకోకుండా ఆ ఫైలు మాత్రం చెరపకండి, డేటా పాడవ్వొచ్చు.

ఒక్క సవరణ. "లేరు" తర్వాత "ఇంటి" రావడం విసంధి, అంటే కలవాల్సిన సంధి కలవలేదు. "లేక / యింటివాని" అంటే గణాలూ చెడవు, అన్వయం కూడా బిగుస్తుంది.

పలాస నుంచి:

యాపుదొక్క పెట్టె, యదియె దాని గృహము
వేరె పెట్టెలోన బేసు కొలువు
లోకలన్న పేర లోనె కేకలు వేయ
నింటివాని పిలుపు నింట వినరు

నాకు ఈ వారం బాగా నచ్చినది ఇదే. మూడో పాదం మళ్లీ చదవండి. డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రాంని విడిగా ఉంచే పెట్టెలో) నడిచే ప్రోగ్రాంకి లోకల్‌హోస్ట్, అంటే "ఈ సిస్టమే" అనే పేరు, ఆ కంటైనరే, కాబట్టి అది తన గదిలో తనే కేకేసుకుంటుంది. ఈ కంటైనర్లని వివరించే కంపోజ్ ఫైలులో డేటాబేస్‌కి పెట్టిన సర్వీస్ పేరుతో పిలిస్తే పలుకుతుంది. "లోకల్", "లోనె" యతికి కుదరడమే కాదు, అర్థం కూడా అక్కడే తెగింది. ఇలాంటి చోటే సమస్యాపూరణం మీద ప్రేమ పెరుగుతుంది.

శ్రీకాకుళం నుంచి ఒక మాట: "మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో ఇంకో మెలిక ఉందండీ. లినక్స్‌లో లోకల్‌హోస్ట్ అని ఇస్తే పోర్టు దాకా వెళ్లదు, సాకెట్ ఫైలు (ఒకే సిస్టంలోని ప్రోగ్రాంలు మాట్లాడుకునే దారి) వెతుకుతుంది. 127.0.0.1 అని అదే సిస్టం అడ్రస్ అంకెల్లో ఇస్తేనే 3306 పోర్టు తలుపు తడుతుంది. ఎవరైనా దీన్ని పద్యం చెయ్యాలి."

చీపురుపల్లి నుంచి తమ్ముడి పూరణ:

గోడ యడ్డు నిల్చెఁ గొల్వు గుమ్మము కాడ
ఫైరువాలు కబురు పంపనీదు
వేచి చూచి తుదకు వెనుదిరిగితి నయ్యొ
యింటివాని పిలుపు నింట వినరు

బొబ్బిలి నుంచి విమర్శ: "ఛందస్సుకి వంక పెట్టలేను. 'ఫై'కి 'ప' యతి కూడా సరే. కానీ తమ్ముడూ, 'వేచి చూచి' అన్నావు చూడు, అది టైమౌట్, ఎదురుచూపు గడువు తీరిపోవడం. ఫైర్‌వాల్ (రాకపోకలకి కాపలా) ప్యాకెట్‌ని, అంటే పంపిన కబురుని, మింగేస్తే జవాబే రాదు. రెఫ్యూజ్డ్ అంటే జవాబు వచ్చినట్టే, కాకపోతే 'పొమ్ము' అని."

బొబ్బిలి వారి మాటే నా మాట. వెంటనే తిప్పికొట్టే ఫైర్‌వాల్ రూల్స్ కొన్ని ఉన్నా, ఈ పద్యంలో చెప్పింది అది కాదు. తమ్ముడు గంటలోపే తిరగరాశాడు:

గోడ యడ్డు లేదు కొల్వు గుమ్మము కాడ
పోర్టు వేరె చోట పొంచియుండె
వేచి చూడకుండ వెంటనె పొమ్మనె
నింటివాని పిలుపు నింట వినరు

ఇప్పుడు నిలబడింది. ఉబుంటులో పాత పోస్ట్‌గ్రెస్ ఉండగా కొత్త వెర్షన్ వేస్తే, దాని మామూలు పోర్టు 5432 ఖాళీ లేక కొత్తది 5433లో కూర్చుంటుంది. ప్రోగ్రాం 5432నే తడుతూ ఉంటుంది. పాతదాన్ని ఆపేసి ఉంటే ఇక అక్కడ పలికేవాళ్లుండరు. ఏ పోర్టులో ఎవరు వింటున్నారో "ఎస్‌ఎస్" కమాండ్ ఒక్కటి కొడితే కనిపించేస్తుంది. కాన్ఫిగ్ ఫైళ్లు తిరగెయ్యడం ఆ తర్వాతే.

వచ్చే వారానికి పాస్‌వర్డుల మీద, ఇదీ ఆటవెలదే:

తాళమున్న చోట తలుపు లేదు