కృష్ణజింకలు మందలో కాసే కాపలాకి ఏ గేమ్ థియరీ మోడల్ సరిపోతుంది? కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మాది ఒడిశా, గంజాం జిల్లా బరంపురం. ఇక్కడ భేట్‌నయి, బాలిపదర్ వైపు పొలాల్లో కృష్ణజింకలు మందలుగా మేస్తుంటాయి, ఊళ్లవాళ్లే వాటిని కాపాడుకుంటారు. మందలో కొన్ని తలెత్తి చుట్టూ చూస్తుంటే మిగతావి నిశ్చింతగా మేస్తాయి కదా, దాన్నే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి పైథాన్‌లో సిమ్యులేషన్ చేస్తున్నాను.

మా గైడ్ గారు ప్రిజనర్స్ డైలమా (ఇద్దరూ సహకరిస్తే ఇద్దరికీ మేలే, కానీ ఎదుటివాడు ఏం చేసినా మోసమే ఎవరికివారికి ఎక్కువ లాభమిచ్చే ఆట) తీసుకోమన్నారు, ఈ ఆటతో కంప్యూటర్ పోటీలు పెట్టిన యాక్సెల్‌రాడ్ వాడిన 5, 3, 1, 0 పాయింట్లతోనే (ఒక్కరే మోసం చేస్తే మోసగాడికి 5, రెండోవాడికి 0, ఇద్దరూ సహకరిస్తే చెరో 3, ఇద్దరూ మోసం చేస్తే చెరో 1). టిట్ ఫర్ టాట్ (ఎదుటివాడు కిందటిసారి చేసిందే తిరిగి చేసే పద్ధతి) బాగానే నిలబడింది, కానీ అప్పుడప్పుడు పొరపాటు ఎత్తులు కలిపితే ఆడే రెండు జింకలూ కక్ష సాధింపులో ఇరుక్కుపోతున్నాయి. అసలు బదులుకు బదులు అనాలంటే ఎవరు తలెత్తలేదో జింకకి గుర్తుండాలి, అంత పెద్ద మందలో అది నాకు నమ్మబుద్ధి కావట్లేదు. పైగా తలెత్తిన జింకే ప్రమాదాన్ని ముందు చూస్తుంది, అంటే లాభం దానికీ ఉంది. మీర్‌క్యాట్‌ల (గుంపులుగా బతికే ఆఫ్రికా ముంగిస జాతి జంతువులు) మీద 1999లో క్లటన్-బ్రాక్ బృందం చెప్పింది కూడా ఇంచుమించు ఇదే, కడుపు నిండినదే కాపలాకి వెళ్తుందని.

అలాంటప్పుడు స్నోడ్రిఫ్ట్ గేమ్ (ఎదుటివాడు పని చేయకపోతే మనమే చేసుకోవడం మేలైన ఆట) సరైనది కాదా? ఇద్దరిద్దరిగా ఆడించాలా, మందంతా కలిపి ఒకే ఆటగానా? ఎంతసేపు తలెత్తిందన్న లెక్కని పాయింట్లుగా ఎలా మార్చాలి? ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి, గైడ్ గారితో మాట్లాడేముందు నాకు స్పష్టత కావాలి.